ఫ్రీలాన్స్ డాక్యుమెంటరీ వీడియోగ్రాఫర్

ఏ సంస్థలోనూ నెలజీతానికి కుదురుకోకుండా, ఒక్కో చిత్రానికో, ఒక్కో షెడ్యూలుకో, ఒక్కోసారి ఒక్క రోజుకో మాట్లాడుకుని వాస్తవ జీవిత చిత్రాలకు కెమెరా పట్టే వ్యక్తి ఫ్రీలాన్స్ డాక్యుమెంటరీ వీడియోగ్రాఫర్. సినిమా యూనిట్లో కెమెరామన్ వెనక సహాయకులు, లైట్‌బాయ్‌లు, ఫోకస్ చూసేవాళ్లు ఉంటారు. డాక్యుమెంటరీలో చాలాసార్లు ఈ పనులన్నీ ఒక్క మనిషివే. డ్రైవరు రాని రోజు బండి నడిపేదీ ఆ మనిషే. ఈ వృత్తిలో ఒక తిరకాసు ఉంది. కూలి రోజు లెక్కన వస్తుంది, చిత్రం మాత్రం ఏళ్ల లెక్కన తయారవుతుంది. మిగతా కష్టాల్లో చాలా వాటికి వేరు ఇక్కడే ఉంది.

ఆ ఏళ్లు ఎన్నో చెప్పడానికి ఉదాహరణలు వెతకనక్కర్లేదు. ఆనంద్ పట్వర్ధన్ ‘జై భీమ్ కామ్రేడ్’ 2011లో బయటికొచ్చింది. 1997లో ముంబై రమాబాయి నగర్‌లో పోలీసు కాల్పులు జరిగాక మొదలైన ఆ చిత్రానికి పద్నాలుగేళ్లు పట్టింది. పట్వర్ధన్ తన చిత్రాలకు ఎక్కువగా కెమెరా తానే పడతారు. నీలగిరుల్లో ముదుమలై అడవిలో, తెప్పకాడు ఏనుగుల శిబిరం దగ్గర తీసిన ‘ది ఎలిఫెంట్ విస్పరర్స్’ సుమారు 40 నిమిషాల చిత్రం. 2023 మార్చిలో ఆస్కార్ అందుకుంది. దాని వెనక ఐదేళ్ల కాలం, 450 గంటల ఫుటేజ్ ఉన్నాయి. తెరమీది ఒక్క నిమిషానికి చిత్రీకరణ పదకొండు గంటలకు పైమాటే. 16 ఎం.ఎం. ఫిల్మ్ రోజుల్లో 400 అడుగుల చుట్ట పదకొండు నిమిషాలు తిరిగేది. ఆ లెక్కన 450 గంటలకు దాదాపు 2,450 చుట్టలు కావాలి. అప్పట్లో ఏ నిర్మాత అయినా ఆ మాట వింటే కుర్చీలోంచి లేచిపోయేవాడు.

ఆ చిత్రానికి కెమెరా పట్టినవాళ్లలో దర్శకురాలు కార్తికి గోన్సాల్వెస్‌తో పాటు కరణ్ థప్లియాల్ కూడా ఉన్నారు. మహిళలు నడిపే ‘ఖబర్ లహరియా’ వార్తాసంస్థ విలేకరుల మీద వచ్చి ఆస్కార్ నామినేషన్ పొందిన ‘రైటింగ్ విత్ ఫైర్’కు సుష్మిత్ ఘోష్‌తో కలిసి కెమెరా పట్టిందీ ఆయనే. ఒక చిత్రం నడుస్తుండగానే మరొకటి, మధ్యలో ఇంకేదో. ఫ్రీలాన్సర్ డైరీ ఎప్పుడూ ఇలాగే అతుకుల బొంతలా ఉంటుంది.

ఒకప్పుడు ఈ పనికి పెద్ద దిక్కు ప్రభుత్వమే. 1948లో ఏర్పడిన ఫిల్మ్స్ డివిజన్ దశాబ్దాలపాటు సినిమా హాళ్లకు డాక్యుమెంటరీలు పంపింది. చివరికి జాతీయ చలనచిత్ర అభివృద్ధి సంస్థ (ఎన్‌ఎఫ్‌డీసీ)లో విలీనమైంది. 2000లో మొదలైన పబ్లిక్ సర్వీస్ బ్రాడ్‌కాస్టింగ్ ట్రస్ట్ స్వతంత్ర దర్శకులకు కొంతకాలం ఊతమిచ్చింది. ఇప్పుడు ఎక్కువమందికి బియ్యం వేరేచోటి నుంచి వస్తాయి. స్వచ్ఛంద సంస్థల నివేదిక చిత్రాలు, కంపెనీల ప్రచార వీడియోలు, విదేశీ చానళ్లకు రెండు మూడు రోజుల పని, ఇవేవీ లేనప్పుడు పెళ్లిళ్లు. హైదరాబాదు, విజయవాడల్లో ఈ వృత్తిలో ఉన్నవాళ్లకు కెమెరా మాన్యువల్ ఎంత అవసరమో పంచాంగమూ అంత అవసరం. మాఘ ఫాల్గుణాల్లో, వైశాఖంలో, శ్రావణంలో ముహూర్తాలు కమ్ముకుంటాయి. ఆషాఢంలో, మూఢం రోజుల్లో ఫోను మోగదు. సొంత డాక్యుమెంటరీ కోసం ఊళ్లు తిరగడానికి కుదిరేది అప్పుడే. మూఢం వచ్చిందంటే లోలోపల సంతోషించే కెమెరామన్‌లు కొందరుంటారంటే ఆశ్చర్యం లేదు.

షూటింగ్ రోజు అంతకుముందు రాత్రే, ఛార్జింగ్‌తో మొదలవుతుంది. విమానంలో వెళ్లాలంటే విడి లిథియం బ్యాటరీలు చేతిసంచిలోనే ఉండాలి, చెక్-ఇన్ సామానులో పెట్టకూడదు. 100 వాట్-అవర్ల దాకా అభ్యంతరం ఉండదు. దాటితే ఎయిర్‌లైన్స్ అనుమతి కావాలి, 160 దాటితే ప్రయాణికుడి వెంట రానివ్వరు. కంపెనీలు 98, 99 వాట్-అవర్ల బ్యాటరీలు చేసి అమ్మేది అందుకే. తిరిగొచ్చాక అసలు కాపలా మొదలవుతుంది. సెకనుకు 100 మెగాబిట్ల వేగంతో 4కె వీడియో రికార్డు చేస్తే గంటకు 45 గిగాబైట్లు. నాలుగు గంటలు తీస్తే 180. ఆ రాత్రి లాడ్జి గదిలో కార్డులన్నీ రెండు హార్డ్ డిస్కుల్లోకి ‘డంప్’ చేసి, తెరిచి చూసి, ఆ తర్వాతే కార్డు చెరపాలి. రెండు డిస్కులూ ఒకే సంచిలో పెట్టుకోకూడదన్నది ఈ వృత్తిలో మొదటి పాఠం. చాలామంది దాన్ని దెబ్బ తిన్నాకే నేర్చుకుంటారు. ఈ అర్ధరాత్రి పనికి కాల్షీట్లో లెక్క ఉండదు.

కాంతి విషయంలో మన దేశానికి సొంత చిక్కొకటి ఉంది. ఇక్కడి కరెంటు 50 హెర్ట్జ్. కొన్ని ట్యూబ్‌లైట్లు, చౌక ఎల్‌ఈడీలు సెకనుకు వందసార్లు మినుకుతాయి. కంటికి తెలియదు, కెమెరాకు తెలుస్తుంది. అమెరికా ట్యుటోరియళ్లు చూసి షట్టర్ 1/60లో పెడితే గోడల మీద చారలు పాకుతాయి. 1/50లో గానీ 1/100లో గానీ పెడితే కుదురుకుంటాయి. శబ్దానికి ఇంత తేలికైన మందు లేదు. కాలర్ మైక్ చీర మడతకు రాసుకుంటుంది, పక్క వీధిలో బోరు మోటారు ఆన్ అవుతుంది. గదిలో అందరూ మాట్లాడకుండా కూర్చుని అర నిమిషం ఉత్త నిశ్శబ్దాన్ని రికార్డు చేయడం కొత్తవాళ్లకు నవ్వు తెప్పిస్తుంది. ఎడిటింగ్ బల్ల దగ్గర రెండు మాటల మధ్య అతుకు కనిపించకుండా చేసేది ఆ అర నిమిషమే.

కెమెరాను ఏ ఎత్తులో పెట్టాలన్న ప్రశ్నకు పాఠ్యపుస్తకాల కంటే సూటిగా జవాబు చెప్పినవాళ్లు జహీరాబాద్ ప్రాంతంలో ఉన్నారు. పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ దళిత మహిళా రైతులకు వీడియో నేర్పింది. వాళ్లలో చాలామందికి చదువు రాదు. పరిభాషను వాళ్లే కల్పించుకున్నారు. పైనుంచి కిందికి చూస్తే ‘పటేల్ షాట్’, భూస్వామి చూపు అలాంటిది కాబట్టి. ఎదుటి మనిషి కంటి ఎత్తులో ఉంటే ‘సంఘం షాట్’, సంఘంలో అందరూ సమానంగా కూర్చుంటారు కాబట్టి. బీటీ పత్తి వేసిన వరంగల్ రైతుల మీద ఈ మహిళలు తీసిన చిత్రం 2003లో వచ్చింది. వీళ్లు ఫ్రీలాన్సర్లు కారు, సంఘం మనుషులు. అయినా నేలమీద కూర్చున్న ముసలవ్వను నిలబడి చిత్రీకరించే ప్రతి ఫ్రీలాన్సరూ ఆ రెండు మాటలూ తెలుసుకోవాల్సిందే.

నేలమీది కెమెరా చాలదంటూ డ్రోన్ కూడా అడిగే నిర్మాతలు ఎక్కువయ్యారు. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం 250 గ్రాముల లోపు బరువుంటే అది నానో, పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. అంతకు మించినదాన్ని డబ్బు తీసుకుని ఎగరేస్తే కావాలి. ఎగరేయడంపై ఆంక్షలున్న రెడ్ జోన్లో అయితే బరువు ఎంత తక్కువైనా అనుమతి తప్పదు.

ఇక డబ్బు. మాట్లాడుకునేటప్పుడు రోజు రేటు, బత్తా, ప్రయాణం, కెమెరా అద్దె విడివిడిగా రాసుకోనివాళ్లు తర్వాత అన్నీ ఒకే అంకెలో కలిసిపోయాయని తెలుసుకుంటారు. చెల్లింపు ఆలస్యం కావడం మామూలే. ‘ఎడిటింగ్ అయ్యాక’, ‘ఫండ్ విడుదలయ్యాక’ అన్న మాటలు నెలల తరబడి వినాల్సి వస్తుంది. ఉద్యమ్ పోర్టల్లో సూక్ష్మ సంస్థగా నమోదు చేసుకున్నవాళ్లకు 2006 నాటి ఎంఎస్‌ఎంఈ చట్టం ఒక ఆయుధమిచ్చింది. ఒప్పందంలో ఏం రాసుకున్నా 45 రోజులకు మించి చెల్లింపు ఆపకూడదు. ఆపితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు చక్రవడ్డీ కట్టాలి. దాన్ని వాడితే ఆ నిర్మాత మళ్లీ పిలవడన్న భయం కూడా ఉంటుంది, అందుకే ఆయుధం ఎక్కువగా ఒరలోనే ఉంటుంది.

డబ్బు లెక్కకు అందని పని నమ్మకం సంపాదించడం. నిషా పహుజా తీసిన ‘టు కిల్ ఎ టైగర్’ జార్ఖండ్‌లో లైంగిక దాడికి గురైన 13 ఏళ్ల అమ్మాయి కుటుంబం కథ. కెమెరా మృణాల్ దేశాయ్. అమ్మాయి ముఖాన్ని చూపాలా వద్దా అన్నది చిత్రీకరణ నాడు తేల్చలేదు. ఆమె 18 ఏళ్లు దాటి, చిత్రం చూసి, తనంతట తాను సరేనన్నాకే చూపారు. సంతకం చేసిన కాగితం సంచిలో ఉంది కదా అని ఊరుకుంటే ఆ చిత్రం అలా వచ్చేది కాదు. ఒక ఇంట్లో కెమెరా బయటికి తీయకుండా టీ తాగి వచ్చిన రోజులు కూడా ఇలాంటి పనిలో భాగమే. నిర్మాత లెక్కలో అవి షూటింగ్ లేని రోజులు.

తీసిన దృశ్యం తీసినవాళ్లది కాదు. డబ్బిచ్చి చిత్రం తీయించుకున్నవారే దానికి మొదటి హక్కుదారులని 1957 నాటి కాపీరైట్ చట్టం చెబుతుంది, ఒప్పందంలో వేరుగా రాసుకుంటే తప్ప. ముంబై మురికివాడల కూల్చివేతల మీద పట్వర్ధన్ తీసిన ‘హమారా షహర్’కు కెమెరా పట్టినవాళ్లలో ఒకరైన రంజన్ పాలిత్, ఇతరుల చిత్రాల కోసం తాను తీసిన దృశ్యాలను మళ్లీ చూసుకుంటూ ‘ఇన్ కెమెరా’ అనే సొంత చిత్రం చేశారు. కొన్నేళ్ల తర్వాత అమెరికాలో కిర్‌స్టెన్ జాన్సన్ ‘కెమెరాపర్సన్’లో అలాంటి పనే చేశారు. పాతికేళ్లపాటు పరాయి చిత్రాలకు తీసి, వాటిలో వాడకుండా మిగిలిపోయిన ముక్కలు అందులో ఉన్నాయి. రికార్డు బటన్ నొక్కింది తానే అయినా, వాటిని వాడుకోవడానికి ఆమె ఆ చిత్రాల దర్శకులను, నిర్మాతలను ఒక్కొక్కరినీ అడగాల్సి వచ్చింది.