మన్యంలో అహింసా ప్రతిఘటన

అరకు లోయ నుంచి గూడెం, రంప కొండల మీదుగా కొరాపుట్, మల్కనగిరి అడవుల దాకా ఉన్న తూర్పు కనుమల గిరిజన ప్రాంతంలో బ్రిటిష్ పాలనకు ఆయుధం పట్టకుండా సాగిన ఎదురింపు ఇది. మన్యం అనగానే విల్లంబులు, తుపాకులు గుర్తుకు రావడంతో ఈ పాయ మరుగున పడింది.

దీని మూలం కల్లుకుండలో వెతకాలి. జీలుగు కల్లు గిరిజనులకు వ్యాపారం కాదు, ఇంటి తిండిలో భాగం. దానిమీద రంప మన్సబ్‌దారు వేసిన ‘చిగురుపన్ను’ 1879 రంప తిరుగుబాటుకు ఒక ముఖ్య కారణం. అప్పుడు పోరాడింది పన్ను కట్టకుండా తాగే హక్కు కోసం. నలభై ఏళ్ల తర్వాత అవే కొండల్లో తాగుడు మానడమే నిరసన అయింది. 

ఆ మలుపు తెచ్చినవాడు అల్లూరి సీతారామరాజు. 1917లో కృష్ణదేవిపేట చేరిన ఆయన సహాయ నిరాకరణ కాలంలో గూడేలు తిరిగి తాగుడు మానమని, తగాదాలు కోర్టుకు ఎక్కించక పంచాయతీల్లో తేల్చుకోమని చెప్పాడు. సర్కారుకు ఇవి రెండూ గిట్టనివే: ఒకటి ఆదాయానికి దెబ్బ, రెండోది అధికారానికి. అప్పటికే 1882 మద్రాసు అటవీ చట్టంతో పోడు సాగుకు అడ్డంకులు వచ్చాయి. గూడెం తహసీల్దారు బాస్టియన్ రోడ్డు పనికి గిరిజనులను తోలి, కూలి సరిగా ఇవ్వలేదు. 1922 మొదట్లో రాజుపై నిఘా పెట్టి, పైడిపుట్టలో భూమి ఇచ్చి కట్టడి చేయాలని చూశారు. అదే ఏడాది ఫిబ్రవరిలో చౌరీచౌరా హింస తర్వాత గాంధీ సహాయ నిరాకరణ ఉద్యమం ఆపేశాడు. ఆగస్టు 22న రాజు దళం చింతపల్లి పోలీసు స్టేషన్ మీద చేసిన దాడితో మన్యంలో అహింసాదశ ముగిసింది. 1924 మే 7న రాజును కొయ్యూరు వద్ద కాల్చి చంపారు. ఆయన మార్గాన్ని గాంధీ ఒప్పుకోలేదు గానీ ధైర్యాన్ని, త్యాగాన్ని మెచ్చుకున్నాడు.

అరకుకు వాయవ్యాన, జయపురం సంస్థానంలో కథ మరోలా నడిచింది. తెంతులిగుమ్మలో 1899లో పుట్టిన లక్ష్మణ్ నాయక్ భూమియా తెగవాడు. జమీందారీ పన్నులకు, వెట్టికి ఎదురు తిరిగి కాంగ్రెస్‌లో చేరాడు. జనం ఆయనను ‘మల్కనగిరి గాంధీ’ అనేవారు. క్విట్ ఇండియా పిలుపు మీద 1942 ఆగస్టు 21న మత్తిలి పోలీసు స్టేషన్‌కు ఊరేగింపు నడిపించాడు. పోలీసులు లాఠీలతో మొదలుపెట్టి తుపాకుల దాకా వెళ్లారు. మూడు రోజులకు పాపడాహండిలో మరోసారి జరిగిన కాల్పుల్లో 19 మంది చనిపోయారు.

మత్తిలి గందరగోళంలో ఒక అటవీ గార్డు మరణించగా, ఆ నేరం లక్ష్మణ్ మీద మోపారు. ఆయన మనుషులు అది అబద్ధమన్నారు. 1943 మార్చి 29న ఆయనను బరంపురం జైల్లో ఉరి తీశారు. 1936లో ఒడిశా ఏర్పడేదాకా ఆయన ఊరు విశాఖపట్నం జిల్లాలోదే. అయినా తెలుగు పాఠాల్లో ఆయన పేరు పెద్దగా వినపడదు. 1989లో తపాలా శాఖ మాత్రం ఆయన పేర బిళ్ల వేసింది.