అచ్చు ప్రూఫు నుండి బ్రౌజరు ప్రివ్యూ వరకు: హోసూరు తెలుగు పుట

హోసూరు, కృష్ణగిరి సీమల తెలుగు చరిత్ర యనగానే శాసనములును, పాళెగాండ్రును, బారామహలును తలపునకు వచ్చుట సహజము. ఈ వ్యాసమునకు విషయమైనది మాత్రము నిన్న మొన్నటి చరిత్ర. 2024 జూను మాసమున ఆంత్రోపిక్ సంస్థ తమ కృత్రిమ మేధయగు 'క్లాడ్'నకు 'ఆర్టిఫాక్ట్స్' అను సాధనమును జేర్చెను. కోరిన వెబ్ పుటకు యంత్రము కోడు వ్రాయును; ఆ కోడు అదే బ్రౌజరులో, ప్రక్క గడిలో, పుటయై కనుపించును. తరువాత ఇతర సంస్థలును అట్టి సౌకర్యమును గల్పించినవి.

ఇది బొత్తిగా క్రొత్తదా? అచ్చుకూటములను ఎరిగినవారు కాదనియే యందురు. సీసపు అక్షరముల మీది రూపము అద్దములోని ప్రతిబింబము వలె తారుమారై యుండును. గాలీ ప్రూఫు తీసిన పిదప గాని వత్తు జారినదో, గుడి విరిగినదో తెలిసెడిది కాదు. ప్రూఫునకును అచ్చునకును నడుమ దిద్దువాని కన్నొకటి యుండెను.

1990లో టిమ్ బెర్నర్స్-లీ సెర్న్ పరిశోధనాలయమున నిర్మించిన మొదటి బ్రౌజరు చదువుటకే గాక వ్రాయుటకును పనికివచ్చెడిది. 1993 నాటి మొజాయిక్ మొదలు బ్రౌజరు ప్రధానముగా చదువరి పరికరమయ్యెను; వ్రాయుట యొకచోట, చూచుట వేరొకచోట. తెలుగునకు ఈ ఎడబాటు మరింత బాధాకరమైనది. 1991లో యూనికోడు తెలుగునకు 128 స్థానములను కేటాయించినను, ఆ దశకమున వెలసిన తెలుగు పుటలు సొంత ఫాంటులనే నమ్ముకొనెను. చదువరి కడ ఆ ఫాంటు లేనిచో తెలుగు మాయమై, అర్థము లేని రోమను గుర్తులు మిగిలెడివి. రచయిత చూచిన పుట వేరు, పాఠకుడు చూచిన పుట వేరు.

ఇచ్చట 2018 ఫిబ్రవరి నాటి ఉదంతమును విపులముగా జెప్పవలసియున్నది. జ, పొల్లు, ఞ, కంటికి గానరాని యొక విభాజక సంకేతము, ఆకారపు గుర్తు: ఈ వరుసలో కూర్చిన 'జ్ఞా' అను తెలుగక్షరము ఐఫోను తెరమీద కనుపించినంతనే అనువర్తనములు కూలిపోయెను. ఆపిల్ సంస్థ ఆ నెల 19వ తేదీన 11.2.6 సంచికతో దానిని సవరించెను. జ్ఞానమునకు మొదటి యక్షరమే యంత్రమునకు గిట్టకపోవుట వింతయే! ప్రివ్యూ గడికి 'శాండ్‌బాక్స్' అను కంచె గలదు. 1997 నాటి హెచ్.టి.ఎమ్.ఎల్. 4 ప్రమాణమున స్థానము గన్న 'ఐఫ్రేము'నకు తరువాత చేరిన కట్టుబాటది; లోపలి కోడు వెలుపలి పుటను ముట్టకుండ నాపును. కాని అక్షరమును గీయునది యంత్రము యొక్క మూలవ్యవస్థ. అందలి దోషమును ఆ కంచె యాపజాలదు.

ఇక మన సీమకు వత్తము. 1965లో సేలము నుండి ధర్మపురి జిల్లాయును, 2004లో ధర్మపురి నుండి కృష్ణగిరి జిల్లాయును విడివడెను. బెంగుళూరు హోసూరునకు నలుబది కిలోమీటర్ల దూరముననే యున్నందున కోడు వ్రాయు యువకులకు ఇచ్చట కొదువ లేదు. కొదువ యేర్పడుచున్నది తెలుగు చదువగలవారికి. 2006 నాటి తమిళనాడు చట్టము తమిళమును నిర్బంధ పాఠ్యముగా ఒకటవ తరగతితో నారంభించి, ఏటేట నొక తరగతి చొప్పున పైకి విస్తరించినది. తమిళము నేర్చుట తప్పని యెవ్వరును అనరు. ఆ యేర్పాటులో తెలుగునకు చోటు కుదించుకొనిపోవుటయే మన వ్యథ.

ఒక తెలుగు పంతులు కోడు ఎరుగకపోయినను నేడు తన యూరి పొడుపుకథలకు, పాటలకు పుట చేయించి, తత్క్షణమే చూడగలడు. వరుసల నడుమ ఎడము చాలక 'స్త్రీ', 'రాష్ట్రము' వంటి మాటల క్రింది వత్తులు తెగినచో ప్రివ్యూలో కానవచ్చును. సరిచేయుమని తెలుగుననే చెప్పవచ్చును. హోసూరు పలుకుబడిని యంత్రము కోస్తా మాటగా దిద్దివేసినచో ప్రివ్యూ దానిని పట్టియీయదు. పుట చక్కగనే కనుపించును. ఆ మాటను ఇంట విని, బడిలో చదివిన పిల్లవాడే దానిని పట్టవలెను. కనుక మన సంఘములు చేయించు పుటలను ప్రకటనకు ముందు చిన్న ఫోను తెరమీద నొకమారు, ఆ యూరి ముసలివారికి బిగ్గరగా చదివి వినిపించి మరొకమారు, పరీక్షించుట మేలు.