నీలపటం, ప్లాటినం పటం

ఖరగ్‌పూర్ ఎర్రనేల మీద రైలుమార్గాల కూడలిగా వెలసిన పట్టణం. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ తన పెద్ద కర్మాగారాన్ని ఇక్కడ నెలకొల్పిన తరువాత విశాఖపట్నం, గంజాం జిల్లాల నుండి అనేక తెలుగు కుటుంబాలు వచ్చి స్థిరపడినవి. ఇంజన్లను మరమ్మతు చేసిన చేతులను చరిత్ర కొంతవరకైనా గుర్తుంచుకున్నది. ఆ చేతులకు కొలతలు చెప్పిన కాగితాన్ని మాత్రం పట్టించుకున్నవారు తక్కువ. ముదురునీలం మీద తెల్లని గీతలుండే ఆ కాగితాన్ని రైల్వే కర్మాగారాలలో బ్లూప్రింటు అనేవారు.

దాని పుట్టుక 1842 నాటిది. ఆంగ్ల జ్యోతిశ్శాస్త్రజ్ఞుడు జాన్ హెర్షెల్ ఫెరిక్ అమ్మోనియం సిట్రేటు, పొటాసియం ఫెర్రిసయనైడు అనే రెండు లవణాలను కాగితానికి పూసి ఎండలో పెట్టాడు. వెలుగు తాకిన చోట నీలం నిలిచింది. తాకనిచోట పూత మంచినీటిలో కొట్టుకొనిపోయింది. ట్రేసింగు గుడ్డ మీద గీసిన ఒక్క పటం నుండి కావలసినన్ని ప్రతులు తీయవచ్చును. ఖర్చు స్వల్పం.

ఇదే ఇనుపలవణం మరొక ఇంట అడుగుపెట్టి రాణివాసం చేసింది. 1873లో విలియం విల్లిస్ ఇంగ్లండులో పేటెంటు పొందిన ప్లాటినం ముద్రణలో కాగితానికి పట్టించేది ఫెరిక్ ఆక్సలేటు, పొటాసియం క్లోరోప్లాటినైటుల మిశ్రమం. వెలుగు ఫెరిక్ లవణాన్ని ఫెర్రస్‌గా మారుస్తుంది. పొటాసియం ఆక్సలేటు ద్రావణం తగలగానే అది ప్లాటినాన్ని శుద్ధలోహంగా విడదీసి కాగితపు పీచులలోనే కూర్చుండబెడుతుంది. మిగిలిన ఇనుమును పలుచని ఆమ్లంతో కడిగివేస్తారు. బొమ్మను పట్టి ఉంచే జిగురుపొర ఏదీ లేదు కనుక మెరుపు ఉండదు. బొగ్గుతో గీసినట్లు మెత్తని నలుపు.

పని అంతా పూతలో ఉన్నది. గుడ్డపేలికల నుండి తయారైన గట్టి కాగితం కావలెను. దానికి ముందుగా జిలాటిన్ గాని పిండి గంజి గాని పట్టించాలి. పడుగుకు గంజి పెట్టే నేతవానికి ఈ మెలకువ చెప్పనక్కరలేదు: గంజి చాలకపోతే లవణం లోపలికి ఇంకి బొమ్మ మసకబారుతుంది, ఎక్కువైతే పైననే నిలిచి కడుగులో జారిపోతుంది. నేటి కాగితాలలో కలిపే సుద్ద ఫెరిక్ ఆక్సలేటుకు శత్రువు, అందుచేత ఈనాటి పనివారు కాగితాన్ని మొదట ఆక్సాలిక్ ఆమ్లంలో నానవేస్తారు. తరువాత మసక వెలుతురులో, చుక్కలు లెక్కబెట్టి కలిపిన ద్రావణాన్ని గాజుకడ్డీతో గాని వెడల్పు కుంచెతో గాని నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి తేలికగా పరచాలి. వ్యవధి బహుస్వల్పం. తడి ఆరనారంభించిన తరువాత మరల కుంచె ఆనితే చార పడుతుంది; ఆ చారలో పోయేది ప్లాటినం.

వంగదేశపు ముసురులో ఇటువంటి కాగితం నిలవ చేయడం మహాకష్టం. చెమ్మ పీల్చిన కాగితం మీద తెలుపులు మురికిబారుతాయి. అందువల్లనే తయారు కాగితాన్ని కాల్షియం క్లోరైడు ఉంచిన రేకుడబ్బాలలో మూతవేసి అమ్మేవారు. డబ్బా తెరచిన క్షణం నుండి గాలితో పోటీ. పిజ్జిఘెల్లి, హ్యూబుల్ అనే ఆస్ట్రియా సైనికాధికారులు 1882లో ఎవరి కాగితాన్ని వారే పూసుకునే పద్ధతిని ప్రకటించారు. ఉష్ణదేశాలకు ఇది వరమనే చెప్పాలి. పొద్దున పూసి, మధ్యాహ్నం ముద్రిస్తే నిలవ చేసే బాధ లేదు. చిత్రమేమంటే అదే పిజ్జిఘెల్లి, చెమ్మనే సాయం చేసుకుని ఎండలోనే బొమ్మ పూర్తిగా తేలే కాగితాన్ని కూడా తరువాత రూపొందించాడు.

మొదటి ప్రపంచయుద్ధంలో ప్లాటినం యుద్ధావసరాలకు తరలిపోయింది. విల్లిస్ కంపెనీ 1916 ప్రాంతంలో పల్లాడియం కాగితం తెచ్చింది. దాని ఛాయ కొంచెం గోధుమవన్నె. రెండవ యుద్ధం నాటికి రెండూ బజారులో దాదాపు కనుమరుగైనవి. నీలపటం మాత్రం ఆ తరువాత అమ్మోనియా ఆవిరితో తేలే డయాజో ప్రతులు వచ్చేదాకా కర్మాగారాలలో కొనసాగింది.

ప్లాటినం బొమ్మ వెలుగుకు చెదరదు. ఐతే ఆ లోహమే క్రమంగా కాగితాన్ని పసుపుబార్చి పెళుసు చేస్తుంది. ఎదుటి పుట మీద తన నీడవంటి ప్రతిని కూడా వదలుతుంది. నీలపటానికి క్షారం పగ, సబ్బునీరు తగిలితే చాలు వెలిసిపోతుంది. ఎండకు వెలిసిన నీలం మాత్రం బీరువా చీకటిలో కొంతకాలం ఉంచితే చాలవరకు తిరిగి వస్తుంది.