పుర్రె తెరవకుండా

1971 అక్టోబరు 1. లండన్ శివారు వింబుల్డన్‌లోని అట్కిన్సన్ మోర్లే ఆసుపత్రి. నలభై దాటిన ఒకావిడ బల్లమీద వెల్లకిలా పడుకుంది. తల వెనక నీళ్ళ పెట్టె. దాని లోపలికి దిగిన రబ్బరు టోపీలో తల దూర్చారు. చెవుల మీద బిగువు. కదలకూడదు. నుదుటి వెనక గడ్డ ఉందని డాక్టర్ల అనుమానం. కళ్ళతో చూసినవాళ్ళు మాత్రం ఎవరూ లేరు.

చూడ్డమెలా? ఎక్స్‌రేలో ఎముక తెల్లగా మెరుస్తుంది, మెదడు ఆనదు. వెన్నులో సూది గుచ్చి, మెదడు చుట్టూ గాలి నింపి ఫొటో తీసే పద్ధతి ఒకటుండేది. ఆ తలనొప్పి పగవాడికి కూడా వద్దు. ఇక యాక్సిడెంటై స్పృహ లేకుండా వచ్చినవాడి సంగతి మరీ ఘోరం. లోపల రక్తం గడ్డకట్టిందేమోనని అంచనా మీద పుర్రెకి చిల్లులు పెట్టి వెతికేవాళ్ళు. అంచనా తప్పితే?

మోటారు కదిలింది. తలకి ఒక పక్క ఎక్స్‌రే గొట్టం, ఇంకో పక్క ఆ కిరణాన్ని పట్టే పరికరం. రెండూ జంటగా జరిగాయి, ఒక డిగ్రీ తిరిగాయి, మళ్ళీ జరిగాయి, మళ్ళీ తిరిగాయి, అలా అర చుట్టు పూర్తయ్యేదాకా, కిరణం తలలో ఎంత ఇంకిపోయిందో ఎంత బయటపడిందో 28,800 సార్లు కొలిచి టేపుకెక్కిస్తూనే ఉన్నాయి. ఆవిడ కదల్లేదు.

ఈ యంత్రం కట్టిన గాడ్‌ఫ్రీ హౌన్స్‌ఫీల్డ్ డాక్టరు కాదు. యూనివర్సిటీ డిగ్రీ కూడా లేదు. పొలాల మధ్య పెరిగిన ఇంజనీరు. జీతమిచ్చేది బీటిల్స్ పాటల రికార్డులమ్మే ఈఎంఐ కంపెనీ. మొదట్లో ఒక్క బొమ్మకి సరిపడా కొలతలు తీయడానికే తొమ్మిది రోజులు పట్టేది. పరీక్షల కోసం ఎద్దు మెదళ్ళు పట్టుకుని లండన్ ఈ మూల నుంచి ఆ మూలకి తిరిగాడు, అదీ పదిమందీ ఎక్కే బండ్లలో. పక్కన కూర్చున్నవాళ్ళు మూటలో ఏముందని అడక్కపోవడమే మేలైంది! కానీ ఇది ఎద్దు మెదడు కాదు. రోగి తల పెట్టడం ఇదే మొదలు.

లెక్కలు కట్టే కంప్యూటర్ ఆసుపత్రిలో లేదు. టేపు బయటికెళ్ళింది. ఇక ఎదురుచూపే.

బొమ్మ వచ్చింది. అడ్డం 80 గళ్ళు, నిలువు 80 గళ్ళు. మొరటుగా, గరుగ్గా ఉంది. రేడియాలజిస్టు జేమ్స్ ఆంబ్రోస్ చూశాడు. పుర్రె గట్టు. లోపల బూడిదరంగు మెదడు. నుదుటి వెనక, నల్లగా, గుండ్రంగా... అదే!

ఆంబ్రోస్, హౌన్స్‌ఫీల్డ్ ఇద్దరూ గోల్ కొట్టిన ఆటగాళ్ళలా ఎగిరి గంతులేశారు. కానీ అది గడ్డో, లెక్కల్లో దొర్లిన తప్పో తేల్చాల్సింది కత్తి.

ఆపరేషన్ బల్ల మీద సర్జన్ పుర్రె తెరిచాడు. గడ్డ అక్కడే ఉంది. బొమ్మలో ఎలా ఉందో అచ్చం అలాగే ఉందని హౌన్స్‌ఫీల్డ్‌కి కబురొచ్చింది.