మెదక్ల క్రిస్మస్ అంటే ఊరందరి పని

చలిమంట దగ్గరికి జరుగు బిడ్డా. ఆ ఫోను జేబుల పెట్టు. ముచ్చట నడుమ చూసినవంటే నేను మళ్ల మొదటికెళ్లి చెప్త.

డిసెంబర్ వచ్చిందంటే మా బస్తీ యువజన సంఘం పిలగాండ్లకు నిద్ర ఉండకపోవు. సంఘమంటే ఏదో పెద్ద ఆఫీసనుకునేవు. కిరాయి గది, రెండు బెంచీలు, రోజుకొక పేపరు, గంతే. అండ్ల చర్చికి పోయెటోళ్లు, గుడికి పోయెటోళ్లు, మసీదుకు పోయెటోళ్లు అందరుండిరి. పండుగకు వచ్చెటోళ్లు మాత్రం ఊరందరికీ చుట్టాలే.

అప్పట్ల మెదక్కు రైలేడిది? అది 2022ల గదా వచ్చింది. పల్లెలోళ్లు ఎడ్లబండ్లు కట్టుకొని, బియ్యం, పప్పు, చాపలు మూటగట్టుకొని ముందురోజే దిగెటోళ్లు. చెట్ల కింద మూడు రాళ్లు పెట్టి వండుకునెటోళ్లు. తెల్లారకముందే మొదటి ఆరాధన ఉండె. నీళ్లకే తిప్పలు. అందుకని సంఘమోళ్లు తొవ్వ పొంటి రంజన్లు పెట్టిండ్రు. చలికాలంల చలివేంద్రమేందిరా అని పెద్దమనుషులు నవ్విండ్రు. నడిచొచ్చిన ముసలమ్మ ఒకామె చెంబు మీద చెంబు గడగడ తాగినంక వాళ్ల నవ్వు బందైంది.

చందా ఇంటికి చారానా. నీకేం తెలుసు చారానా సంగతి! పది పైసలకు చాయ్ వచ్చేటి కాలం. ఒక కిరాణా సేటైతే పైసలియ్యకపోవు, గ్యాసు బత్తి ఇచ్చెటోడు. ఇచ్చి, గాజు పలుగుతదేమో అని రాత్రంత దాని పక్కనే కూసునెటోడు. గట్ల కావలి మనిషి గూడ దొరికిండు మాకు.

ఇగ చుక్కలు. వెదురు బద్దలు, రంగు కాయితం, మైదా బంక. కింది బస్తీ చుక్క పొడుగైతే పై బస్తీ వాళ్లు రాత్రికి రాత్రి ఇంకో బద్ద ముడేసెటోళ్లు. ప్రెసిడెంటు కుర్చీ కోసం గూడ గట్లనే లొల్లి. అందరూ అందలమెక్కితే మోసెటోళ్లెవరని మా నాయన తిడుతుండె.

పొడుగంటే యాదికొచ్చింది. చర్చి గోపురం 175 అడుగులు. కరువు కాలంల మిషనరీ పోస్నెట్ దొర జనానికి పని చెప్పి అన్నం పెట్టి కట్టించిండు. పదేండ్లు నడిచింది పని. 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ. యేసు పుట్టుక, సిలువ, ఆరోహణం లోపల రంగు అద్దాల మీద ఉంటయి. ఎండ పడితేనే కనబడతయి. అందుకే మా పిలగాండ్లు కొత్తగ వచ్చినోళ్లకు “పొద్దు గూకకముందే లోపలికి పోయి చూడుండ్రి” అని చెప్పెటోళ్లు. సరే, ఎటో పోయిన.

పండుగైనంక సంఘం కూసుండేది. కిరోసిన్‌కు ఎంత, సుతిలికి ఎంత, చాయ్‌కి ఎంత, పైసతోని సహా చదివేది. చారానా ఇచ్చిన ముసలాయన గూడ చెవి పెట్టి వినెటోడు. మిగిలిన పైసలతోని దవాఖానల రోగులకు అరటిపండ్లు పంచేది. నన్నడిగితే సంఘం చేసిన పనులల్ల ఆ లెక్క చదువుడే అన్నిట్లకు పెద్దది. అందుకే మరుసటేడు చందా అడగకముందే ఇచ్చెటోళ్లు.

ఇప్పుడు తొవ్వ పొంటి నీళ్ల సీసాలమ్ముతున్నరు. కొనలేనోళ్లు ఇంక వస్తనే ఉన్నరు బిడ్డా. రేపు పొద్దుగాల మీ దోస్తులను పోగుచెయ్యి, రంజన్లు నేనిప్పిస్త.