బాలాజీ పంచరత్నమాల

తిరుమల తిరుపతి దేవస్థానముల ప్రోత్సాహమున ఎమ్.ఎస్. సుబ్బులక్ష్మి (1916–2004) గానము చేయగా 1980 ప్రాంతమున వెలువడిన ఐదు ఎల్.పి. రికార్డుల సంపుటము ‘బాలాజీ పంచరత్నమాల’. స్తోత్రములతోపాటు ఇందు చేరిన తాళ్లపాక అన్నమాచార్య కీర్తనలలో కొన్నింటికి స్వరకల్పన చేసి, వానిని ఆమెకు నేర్పినవారు, వయస్సున ఆమెకంటె పదకొండేండ్లు చిన్నవారైన నేదునూరి కృష్ణమూర్తి (1927–2014).

అన్నమాచార్యుడు (1408–1503) ముప్పదిరెండువేల సంకీర్తనములు రచించెనని ప్రతీతి. తిరుమల ఆలయమందలి సంకీర్తన భాండారమున శతాబ్దములపాటు మఱుగుపడియుండి, 1922 ప్రాంతమున లోకమునకు వెల్లడియైన రాగిరేకులలో సుమారు పదునాలుగువేలు మాత్రమే లభించినవి. ఆ రేకులపై ప్రతి పాటకును రాగనామము కలదు గాని, స్వరలిపి లేదు. సాహిత్యము దక్కినది, వరుస దక్కలేదు. కావున ఈ పాటలను నేడు పాడదలచిన వారికి వరుసను క్రొత్తగా కల్పించుకొనుట తప్పనిసరి. ఈ కృషికి రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ (1893–1979) మార్గదర్శకులైరి.

తూర్పుగోదావరి మండలమున జన్మించి, విజయనగర సంగీత కళాశాలలో విద్య నభ్యసించి, పిదప శ్రీపాద పినాకపాణి శిష్యులై, ప్రభుత్వ సంగీత కళాశాలలలో ప్రధానాచార్య పదవి నిర్వహించిన నేదునూరి, నూఱుకు మించిన అన్నమయ్య కీర్తనలకు వరుసలు కూర్చిరి. 1991లో మదరాసు సంగీత అకాడమీ వారి సంగీత కళానిధి బిరుదము వీరిని వరించినది. ఆ బిరుదమును 1968లోనే అందుకొనిన తొలి మహిళ సుబ్బులక్ష్మి. 1963లో రికార్డయిన వేంకటేశ్వర సుప్రభాతముతో ఆమె కంఠము తెలుగువారి ఇంటింటను ప్రాతఃకాల సంప్రదాయమైపోయినది.

దేవస్థానముల కార్యనిర్వహణాధికారిగా పి.వి.ఆర్.కె. ప్రసాద్ ఉన్న కాలమున పంచరత్నమాల సంపుటము రూపొందినది. అప్పటికి అఱువదేండ్లు దాటి, దేశవిదేశములలో అత్యున్నత గౌరవములు పొందియున్న ఆ విదుషీమణి, మాతృభాష కాని తెలుగునందు, అంతవఱకు తనకు అలవాటు లేని క్రొత్త వరుసలను, తనకంటె చిన్నవారైన విద్వాంసుని యెదుట శిష్యురాలివలె కూర్చుండి నేర్చుకొనుట ఆమె విద్యావినయమునకు నిదర్శనము.

స్వరకల్పనలో నేదునూరి దృష్టి యెట్టిదో తెలియుటకు ‘నానాటి బదుకు’ కీర్తన చాలును. జీవితపు అనిత్యతను బోధించు ఆ సాహిత్యమునకు ఆయన ఎన్నుకొనినది ఐదు స్వరముల రేవతి రాగము. వేదఘోషను స్ఫురింపజేయు ఆ రాగమున పదము విఱుగదు, అర్థము చెదరదు, వైరాగ్యభావము తనంత తానే నిలుచును. పాండిత్యమును ప్రదర్శింపక సాహిత్యమునకు దారి విడుచుటయే ఆ వరుస ఘనత.

ఈ సంపుటముతో అన్నమయ్య పాట సంగీతసభల పరిధిని దాటి సామాన్య గృహములకు చేరినది. 1948 డిసెంబరు 1న ప్రారంభమైన విజయవాడ ఆకాశవాణి కేంద్రపు ‘భక్తిరంజని’ భక్తిగీతముల కార్యక్రమమును వేకువనే వినుట నాటి కృష్ణా మండలమున, నూజివీడు ప్రాంతముతో సహా, పలు కుటుంబములకు నిత్యకృత్యమై యుండుటచే, అట్టి పాటకు అచ్చట శ్రోతలు ముందే సిద్ధముగా నుండిరి. పనసకఱ్ఱతో వీణలు తయారుచేయు శిల్పులకు కూడ నూజివీడు ప్రసిద్ధి. వీణలకు పేరుపడిన ఆ సీమలో సంగీతము జనజీవితమున నొక భాగము.

పాట వినగనే గాయకుని పేరు స్మరించుట, వరుస కూర్చినవానిని మఱచుట లోకమున సాధారణము. ఐదువందల యేండ్లనాటి సాహిత్యమునకు తన కాలపు స్వరమునిచ్చిన నేదునూరిని, ఆ స్వరమునకు తన కంఠమునిచ్చిన సుబ్బులక్ష్మిని సమానగౌరవముతో స్మరించుట న్యాయము. వీరిలో ఏ ఒక్కరు లేకున్నను ఈ పంచరత్నమాల లేదు.