బీటిల్సు ఆల్బముల తారతమ్యము

ఇంగ్లండు దేశమున లివర్పూలు అను రేవుపట్టణమున పుట్టిన నలుగురు యువకుల మేళమును గూర్చి నేడు ముచ్చటింప దలచితిని. జాన్ లెనను, పాల్ మెకార్ట్నీ, జార్జి హారిసను, రింగో స్టారు అనువారి యీ మేళమునకు బీటిల్సని పేరు. 1963 మొదలు 1970 వఱకు వీరు స్వదేశమున పండ్రెండు ఆల్బములు వెలువరించిరి. వానిలో హెచ్చుతగ్గులు నిర్ణయించుటకు నాకొక్కటే కొలత: నలుగురికిని తమకు గలది ఇచ్చుటకు చోటు దొరకినదా, లేదా?

అన్నిటికంటె అడుగున నుంచదగినది 1969 జనవరిలో వచ్చిన ‘ఎల్లో సబ్‌మెరీను’. అది యొక బొమ్మల చలనచిత్రమునకు సంబంధించినది. అందు వీరి పాటలు ఆరు. వానిలో రెండు అంతకుముందే వెలువడినవి. రెండవ ప్రక్క నిండ జార్జి మార్టిను కూర్చిన వాద్యగోష్ఠియే. వెలయిచ్చి కొన్నవానికి సగము ప్లేటే దక్కినదనవలెను.

దానిపైన 1964 నాటి ‘బీటిల్సు ఫర్ సేల్’. ఊరూర కచ్చేరీలు చేసి అలసిన గొంతులవి. పదునాలుగు పాటలలో ఆరు ఇతరులు వ్రాసినవే. ‘లెట్ ఇట్ బీ’ 1970లో వచ్చినను, అందలి పాటలు పెక్కు 1969 జనవరిలో, మనస్సులు విఱిగిన వేళ పాడినవి. జార్జి ఆ నెలలో కొన్నిదినములు మేళమును విడిచిపోయెను కూడ. పిదప ఫిల్ స్పెక్టరు పాల్ వ్రాసిన యొక పాటకు వాద్యసమూహమును తగిలింపగా పాల్ మిక్కిలి నొచ్చుకొనెను. ఆ నొప్పి న్యాయమైనదే.

నడిమి వరుసలను విస్తరింపను. మొదటి ఆల్బమున పది పాటలు 1963 ఫిబ్రవరి 11న ఒక్కదినముననే పాడిరనుట మాత్రము మఱవరాదు.

1967 నాటి ‘సార్జెంట్ పెప్పరు’కు పలువురు పట్టము కట్టుదురు. నేను కట్టను. అందు జార్జి పాట ఒక్కటే కలదు. అతని మఱియొక పాటను త్రోసివేసిరి. అది తుదకు ఆ ‘ఎల్లో సబ్‌మెరీను’లో చేరినది. 1969 సెప్టెంబరు నాటి ‘ఆబీ రోడ్డు’ రెండవది. విడిపోవుటకు ముందు మువ్వురును వంతులవారీగా గిటారు వాయింతురు. రింగో డోలు ఒంటరిగా మ్రోగును.

ఉత్తమము 1966 ఆగస్టు నాటి ‘రివాల్వరు’. అందు జార్జి పాటలు మూడు. ఒకదానిలో సితారు కలదు, అనిల్ భగవత్ తబలా కలదు. ఆ యేటనే జార్జి బొంబాయికి వచ్చి రవిశంకరునొద్ద సితారు నేర్చుకొనెను. పాల్ వ్రాసిన ‘ఎలియనార్ రిగ్బీ’లో ఈ నలుగురిలో నెవ్వరును వాద్యము ముట్టరు, ఎనిమిది తంత్రీవాద్యములే వినబడును. దిక్కులేని యొక స్త్రీ చనిపోగా సాగనంపుటకు ఎవ్వరును రారు. ఇరువదియేడేండ్లయినను నిండని యువకులకు ఒంటరితనపు బరువు ఇంతగా తెలియుట నాకు నేటికిని ఆశ్చర్యమే. వింత యేమనగా, అడుగున నుంచిన ఆల్బమునకు పేరిచ్చిన ఆ జలాంతర్గామి పాట మొదట వచ్చినది ఈ ‘రివాల్వరు’లోనే. పాడినవాడు రింగో.